వాన కాలువలో మురుగు కలవకుండా: హైదరాబాద్ కాలనీలకు, అపార్ట్‌మెంట్లకు పనికొచ్చే గైడ్

హైదరాబాద్ రోడ్ల కింద రెండు వేర్వేరు లైన్లు ఉండాలి. ఒకటి డ్రైనేజీ లైను. బాత్రూం, వంటిల్లు, లెట్రిన్ నీళ్లను ఎస్టీపీకి, అంటే మురుగు శుద్ధి ప్లాంటుకు చేరుస్తుంది, దీన్ని వాటర్ బోర్డు చూసుకుంటుంది. రెండోది వాన నీటి లైను. రోడ్డు పక్క జాలీల్లోంచి నీళ్లు తీసుకుని నాలాకు, అక్కడి నుంచి చెరువుకో మూసీకో వదులుతుంది, ఇది మున్సిపల్ కార్పొరేషన్ పని. ఈ రెండో లైను చివర శుద్ధి చేసే ప్లాంటు ఏదీ లేదు. వీధి జాలీలో పారబోసిన పెయింటు నీళ్లు ఉన్నవి ఉన్నట్టుగా చెరువులో పడతాయి. అందుకే కాలనీలో ఏ పని మొదలుపెట్టినా చూడాల్సింది ఒకటే: వాన నీళ్లు డ్రైనేజీలోకి పోకూడదు, డ్రైనేజీ నీళ్లు వాన కాలువలోకి రాకూడదు.

కలిస్తే ఎంత నష్టమో లెక్కేసి చూడండి. 500 గజాల స్థలంలో 10 ఫ్లాట్లు, 45 మంది ఉన్న అపార్ట్‌మెంటు అనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందని పట్టినా రోజుకు దాదాపు 4,900 లీటర్లు. అదే బిల్డింగ్ డాబా 280 చదరపు మీటర్లుంటే, గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే దిగే నీళ్లు దాదాపు 12,000 లీటర్లు. అంటే డాబా పైపును డ్రైనేజీ చాంబర్‌లో కలిపితే, రెండున్నర రోజుల మురుగంత నీళ్లు ఒక్క గంటలో ఆ లైనులో పడతాయి. కాలనీ లోపలి డ్రైనేజీ పైపులు సాధారణంగా 200 నుంచి 300 మిల్లీమీటర్లవి. వీధిలో పది బిల్డింగులు ఇదే పని చేస్తే మ్యాన్‌హోల్ మూత లేచిపోవడంలో వింతేముంది?

ముందు నీళ్ల దారి గీసుకోండి

గట్టి వాన మొదలైన పది నిమిషాల తర్వాత గొడుగు పట్టుకుని అరగంట కాలనీ చుట్టూ తిరగండి. కాగితం మీద వీధులు గీసి, నీళ్లు ఎటు పారుతున్నాయో బాణాలు వేయండి. మూడు చోట్లు తప్పకుండా గుర్తించాలి: నీళ్లు ఆగే పల్లం, నీళ్లు లోపలికి పోని జాలీ, కాలనీ నీళ్లన్నీ చివరికి బయటపడే చోటు. ఈ మూడోది చాలామందికి తెలియదు. ఏ నాలాలోకి, దాని నుంచి ఏ చెరువులోకి పోతున్నాయో తెలిస్తే తర్వాతి పనులన్నీ తేలికవుతాయి. నగరంలో చెరువులు గొలుసుకట్టుగా కట్టినవి. పై చెరువు అలుగు పారితే కింది కుంటకు నీళ్లు వస్తాయి. మధ్యలో వాగు దారి మూస్తే ఆ నీళ్లు రోడ్డు మీదికొస్తాయి. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) మ్యాపులు నగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్లో దొరుకుతాయి, మీ కాగితం పక్కన పెట్టి చూడండి.

పల్లంలో నీళ్లు ఆగుతుంటే ముందుగా రోడ్డు ఎత్తు చూడండి. పాత సీసీ రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తూ పోవడంతో చాలా వీధుల్లో రోడ్డు గేటు కన్నా అడుగు ఎత్తుకు చేరింది. అలాంటి చోట ఎన్ని కాలువలు తవ్వినా నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. కొత్త రోడ్డు మంజూరైతే పాత పొర తవ్వి తీశాకే వేయాలని, రోడ్డు మధ్య నుంచి అంచులకు మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఉండాలని పని మొదలవకముందే రాతపూర్వకంగా అడగండి. కాంక్రీటు పోశాక అడిగితే వినేవాళ్లుండరు.

ఇంకో అడ్డం మన గేటు ముందే ఉంటుంది. కారు ఎక్కడానికి రోడ్డు పక్క కాలువ మీద కట్టే ర్యాంపు. కింద 4 అంగుళాల పైపు ఒకటి పెట్టి పైన సిమెంటు పోస్తారు, మొదటి వానకే ఆకులు, కవర్లతో అది మూసుకుపోతుంది. ర్యాంపు తీసేసి, కాలువ పూర్తి వెడల్పున ఎత్తి పెట్టుకునే ఇనుప జాలీ వేయండి. కారు బరువు మోసేలా ఫ్రేము గట్టిగా ఉండాలి, చీపురు, పార లోపలికి పట్టాలి.

ఎంత నీళ్లు, ఎంత పైపు

గుర్తుంచుకోవాల్సిన లెక్క: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గజాలను 0.836తో గుణిస్తే చదరపు మీటర్లు వస్తాయి. డాబాకు, కాంక్రీటుకు 0.85 నుంచి 0.9, గడ్డి నేలకు 0.2 నుంచి 0.3 పారుదల గుణకం (పడ్డ వానలో పారిపోయే వంతు) వేసుకోండి, మిగిలింది ఇంకడమో ఆవిరవడమో జరుగుతుంది.

500 గజాల స్థలం 418 చదరపు మీటర్లు. మొత్తం కాంక్రీటైతే, గంటకు 100 మిల్లీమీటర్ల జోరు వానలో సెకనుకు దాదాపు 10 లీటర్లు బయటికి పోవాలి. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపును 100కు 1 వాలుతో వేస్తే నిండుగా పారినా సెకనుకు ఆరున్నర లీటర్లకు మించదు. 160 పైపైతే 15 లీటర్లు దాటుతుంది. ప్లంబర్లు అలవాటుగా 110 వేస్తారు. గేటు దగ్గర నీళ్లు నిలవడానికి కారణం చాలాసార్లు ఇదే. వాలు మరీ తగ్గినా ఇబ్బందే, నీళ్లు సెకనుకు 0.6 మీటర్ల వేగం కన్నా నెమ్మదిగా పారితే మట్టి అడుగున కూర్చుంటుంది.

డాబా నుంచి దిగే పైపులకూ లెక్క ఉంది. గంటకు 100 మిల్లీమీటర్ల వానకు ఒక 100 మిల్లీమీటర్ల నిలువు పైపు దాదాపు 40 చదరపు మీటర్ల డాబాకు సరిపోతుంది. మన 280 మీటర్ల డాబాకు ఏడు కావాలి. నాలుగే ఉంటే డాబా మీద నీళ్లు నిలిచి స్లాబు చెమ్మ పడుతుంది. పైపు నోటి దగ్గర గోపురంలా లేచిన జాలీ పెట్టండి, బల్లపరుపు జాలీ ఒక్క ఎండుటాకుతో మూసుకుపోతుంది.

మొదటి నీళ్లు వదిలేయండి

ఎండాకాలమంతా డాబా మీద పేరుకున్న దుమ్ము, పావురాల రెట్ట, ఆకుల పొడి మొదటి వానలోనే దిగుతాయి. సంపులోకి గానీ ఇంకుడు గుంతలోకి గానీ డాబా నీళ్లు పంపేటప్పుడు మొదటి 1 నుంచి 2 మిల్లీమీటర్ల వానను పక్కకు తీయాలి. 100 చదరపు మీటర్లకు అది 100 నుంచి 200 లీటర్లు. షాపుల్లో దొరికే మీటరు పొడవు నిలువు పైపు సెట్‌లో పట్టేది ఎనిమిది లీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. దాన్ని బిగించి మొదటి నీళ్లు తీసేశామనుకోవడం భ్రమ. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టండి. డ్రమ్ము నిండాక నీళ్లు పక్కనున్న T ఆకారపు పైపు ముక్క నుంచి ఫిల్టరు వైపు మళ్లాలి. డ్రమ్ము అడుగున 4, 5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంచితే వాన ఆగాక తనంతట తానే ఖాళీ అవుతుంది. ఆ రంధ్రం మూసుకుపోతే తర్వాతి వానకు డ్రమ్ము నిండే ఉంటుంది, మురికి నేరుగా సంపులోకి పోతుంది. పది రోజులకోసారి పుల్లతో పొడవాలి. ఆ నీళ్లు చెట్ల పాదుల్లోకి వదలండి, డ్రైనేజీలోకి వద్దు.

ఇంకుడు గుంత: తవ్వే ముందు నేలను అడగండి

300 గజాలు, అంతకు మించిన స్థలాలకు ఇంకుడు గుంత తప్పనిసరి అని వాటర్ బోర్డు చెబుతూనే ఉంది. తవ్వినవాటిలో చాలావరకు ఓసీ (బిల్డింగులో ఉండేందుకిచ్చే అనుమతి పత్రం) కోసం తవ్వినవే. అందులోకి నీళ్లు తెచ్చే పైపు గుంతకు సరిగా కలవదు, లేదా పైపే ఉండదు. రాళ్లు మాత్రం అందంగా పేర్చి ఉంటాయి.

ముందు ఇంకే పరీక్ష చేయండి. గుంత అడుగు ఎంత లోతుకు వస్తుందో అంత లోతున ఒక అడుగు వెడల్పు చిన్న గొయ్యి తీయండి. నీళ్లతో నింపి రాత్రంతా నాననివ్వండి. మర్నాడు మళ్లీ 20 సెంటీమీటర్లు నింపి, లోపల స్కేలు నిలబెట్టి గంటలో ఎంత దిగిందో చూడండి. మొరం నేలైతే జోరుగా దిగుతుంది. నల్లరేగడి అయితే నీళ్లు కదలవు. గంటకు 12, 13 మిల్లీమీటర్లకన్నా తక్కువ దిగితే అక్కడ గుంత తవ్వడం దండగ, ఆ డబ్బుతో సంపు పెద్దది చేసుకోండి. గుంతను సెప్టిక్ ట్యాంకుకు, డ్రైనేజీ చాంబర్లకు వీలైనంత దూరంలో, బిల్డింగ్ పునాదికి కనీసం 3 మీటర్ల దూరంలో పెట్టండి. వానాకాలంలో భూగర్భ నీటిమట్టం గుంత అడుగు కన్నా కనీసం 1.5 మీటర్ల కింద ఉండాలి.

మన 280 మీటర్ల డాబాకు 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గుంత తీసుకుందాం. నింపే వరస కింది నుంచి పైకి ఇలా:

అడుగున 1 మీటరు ఎత్తున 100 నుంచి 200 మిల్లీమీటర్ల గ్రానైటు బండరాళ్లు. దాని మీద అర మీటరు 20, 40 మిల్లీమీటర్ల కంకర. కంకర మీద జియోటెక్స్‌టైల్ బట్ట (నీళ్లు వదిలి మట్టిని ఆపేది) గానీ గట్టి నైలాన్ వల గానీ పరచాలి. ఆ పైన 30 సెంటీమీటర్ల దొడ్డు ఇసుక. మిగిలిన 20 సెంటీమీటర్లు ఖాళీ, నీళ్లు వచ్చి పడడానికి. పైఅంచు దగ్గర 160 మిల్లీమీటర్ల ఓవర్‌ఫ్లో పైపు పెట్టి వాన కాలువలోకి కలపాలి. గోడలు సందులు వదిలిన ఇటుక కట్టడంగానో, రంధ్రాలున్న సిమెంటు రింగులతోనో ఉండాలి. మూత ఒక మనిషి ఎత్తగలిగినంత ముక్కలుగా వేయండి. ఎత్తలేని మూత కింద గుంతను ఎవరూ శుభ్రం చేయరు.

కంకర, రాళ్ల మధ్య ఖాళీ దాదాపు 40 శాతమే కాబట్టి ఈ గుంతలో పట్టేది దాదాపు 2,500 లీటర్లు. 20 మిల్లీమీటర్ల వానకే డాబా నుంచి 4,700 లీటర్లకు పైగా దిగుతుంది. నేల బాగా తాగితే ఒక గుంత నెగ్గుకొస్తుంది, మామూలు నేలైతే రెండు కావాలి. నిండిన గుంత 48 గంటల్లో ఖాళీ కావాలి, అంతకన్నా ఆలస్యమైతే దోమలకు పుట్టిల్లవుతుంది. ఇంకో మాట: 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది. అలాంటి రోజుకు ఏ ఇంకుడు గుంతా అడ్డుపడలేదు, దానికి నాలా వెడల్పు, చెరువులో ఖాళీ ఉండాలి. గుంత పని మామూలు వానలది, అలాంటి వానలే ఏడాదిలో ఎక్కువ.

గుంతలు చెడిపోయేది మట్టితోనే. వచ్చే నీళ్లకు ముందు మట్టిని ఆపే చాంబర్ ఒకటి లేకపోతే రెండు వానాకాలాల్లో ఇసుక పొర గట్టిపడిపోతుంది. ఏటా మే నెలలో పై 5 సెంటీమీటర్ల ఇసుక గీకి తీసి కొత్తది వేయండి. నీళ్లు 48 గంటలు దాటినా దిగకపోతే ఇసుక, బట్ట మొత్తం తీసి కంకర కడగాలి. కడిగిన బురద నీళ్లను వాన కాలువలో పోయకండి.

ఎండిన బోరు చుట్టూ గుంత తవ్వి, కేసింగుకు చిల్లులు పెట్టి, నైలాన్ వల చుట్టి నీళ్లు పంపే పద్ధతి ఉంది. డాబా నీళ్లకు మాత్రమే, అదీ ఫిల్టరు దాటాకే పంపాలి. కార్లు కడిగిన నీళ్లు, రోడ్డు నీళ్లు బోరులోకి పంపితే నూనె, సూక్ష్మజీవులు నేరుగా రాతి పగుళ్లలోకి చేరతాయి, ఒకసారి చేరాక తీయడం ఎవరి తరమూ కాదు. తాగడానికి వాడుతున్న బోరు జోలికి పోవద్దు.

ఆవరణలో మట్టి చాంబర్

ఆవరణ నీళ్లు వీధి కాలువలో పడే ముందు 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పుతో ఒక చాంబర్ కట్టండి. బయటికి పోయే పైపు చాంబర్ అడుగు కన్నా 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, మట్టి ఆ 30 సెంటీమీటర్లలో కూర్చుంటుంది. పైపు లోపలి మొదట్లో ఒక ఎల్బో కిందికి వంచి బిగిస్తే తేలే కవర్లు, థర్మోకోల్ ముక్కలు, ఇంజనాయిలు పొర చాంబర్‌లోనే ఆగిపోతాయి. మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా చవకైన భాగం ఇది, చెరువుకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేదీ ఇదే. అడుగున మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి కింద కంకర పోస్తే వాన లేని రోజుల్లో నీళ్లు నిలవవు.

మట్టి 15 సెంటీమీటర్లకు చేరగానే తీయాలి. ఆ చాంబర్‌లో అది దాదాపు 54 లీటర్లు, మూడు నాలుగు తట్టలు. తీసిన పూడికను కాలువ గట్టున కుప్ప పోస్తే తర్వాతి వానకు మళ్లీ అందులోకే పోతుంది. నగరంలో పూడికతీత పనులు ఏటా వృథా అవుతున్నది చాలావరకు ఇక్కడే. ఒక రోజు ఆరబెట్టి, రెండో రోజుకల్లా బండి ఎక్కించాలి. కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు తవ్వకానికీ తరలింపుకూ విడివిడిగా రేటు పెట్టి, తరలించాకే బిల్లు అని రాయండి.

సెల్లారు ఉన్నవాళ్లకు నాలుగు మాటలు. ర్యాంపు దిగే చోట రోడ్డు కన్నా కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తున గట్టు ఉండాలి. ర్యాంపు అడుగున అడ్డంగా జాలీ కాలువ, దాని పక్కన పంపు గుంత పెట్టాలి. 60 చదరపు మీటర్ల ర్యాంపు మీద గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడితే 6,000 లీటర్లు వస్తాయి కాబట్టి కాలువ ఎత్తుకు గంటకు అంతకు రెట్టింపు తోడే మడ్డి పంపు తీసుకోండి. కరెంటు బోర్డులు, లిఫ్టు ప్యానెలు సెల్లారులోంచి పైకి మార్చండి. పంపు నీళ్లు వాన కాలువలోకి పోవాలి, మ్యాన్‌హోల్‌లోకి కాదు.

మ్యాన్‌హోల్ మూత ఎత్తొద్దు

రోడ్డు మీద మోకాల్లోతు నీళ్లు నిలిచినప్పుడు ఎవరో ఒకరు గడ్డపార తెచ్చి మ్యాన్‌హోల్ మూత లేపుతారు, నీళ్లు గిర్రున తిరుగుతూ దిగిపోతాయి, అందరూ మెచ్చుకుంటారు. ఆ మూత చాలాసార్లు డ్రైనేజీ లైనుది. రోడ్డు మీది ఇసుక, కొబ్బరి చిప్పలు, కవర్లు అన్నీ దాంట్లో చేరి పైపు మూసుకుపోతుంది, రెండు రోజుల తర్వాత అదే వీధిలో మురుగు పొంగుతుంది. మురికి నీళ్ల కింద తెరిచిన మూత కనపడక మనిషి పడిపోతే ప్రాణం పోతుంది. మూత తీయడం వాటర్ బోర్డు సిబ్బంది పని, వాళ్ల నంబరు 155313. మీరు చేయాల్సింది రోడ్డు అంచు జాలీ మీది చెత్తను పొడవాటి కర్రకు కట్టిన పళ్ల రేక్‌తో లాగడం. చేత్తో వద్దు, కరెంటు స్తంభం పక్కన నీళ్లుంటే అసలే వద్దు.

లైను మూసుకుపోయిందని మనిషిని లోపలికి దింపడం నేరం, చేత్తో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం. అడుగున పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడు రెండు పీల్పుల్లో స్పృహ తప్పిస్తుంది, ఎక్కువ మోతాదులో ముక్కు దాని వాసనే పట్టలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు డ్రైనేజీ మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలకు పెంచింది. యంత్రమే రావాలి, రోజు ఆలస్యమైనా సరే.

మురుగు ఎక్కడ కలుస్తోందో పట్టుకోవడం

ఇది ఎండ రోజు చేసే పని. మూడు రోజులు వాన లేకుండా గడిచాక, ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య వాన కాలువ నాలాలో పడే చోట నిలబడండి. అందరూ స్నానాలు, గిన్నెలు, బట్టలు మొదలుపెట్టే వేళ అది. వాన కాలువ ఎండి ఉండాలి. నీళ్లు పారుతున్నాయంటే అవి ఎవరో వదిలినవే.

రంగు, వాసన సగం సమాధానం చెబుతాయి. బూడిద రంగులో నురగతో వస్తే వాషింగ్ మెషీనో వంటిల్లో. నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో వస్తే చాలాకాలంగా నిలిచిన లెట్రిన్ నీళ్లు. తేటగా వస్తే నల్లా పైపు లీకో, సెల్లారు పంపో. తేట నీళ్లలో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు తిరిగిందా, క్లోరిన్ ఉన్న నల్లా నీళ్లన్నమాట. అక్వేరియం షాపుల్లో దొరికే అమ్మోనియా కిట్‌తో పరీక్షించి రంగు గాఢంగా వస్తే మురుగేనని నమ్మొచ్చు.

తర్వాత పైకి నడవండి. ఒక్కో జాలీ దగ్గర ఆగి టార్చి వేసి చూడండి. ఒక జాలీలో పారుతున్న నీళ్లు దాని పై జాలీలో లేకపోతే ఆ రెండింటి మధ్యే కలుస్తోంది. నీళ్లు అప్పుడప్పుడే వస్తుంటే, రాత్రి పైపు నోటి దగ్గర చిన్న ఇసుక సంచి అడ్డం పెట్టి ఉదయం వెనక ఏం నిలిచిందో చూడండి. సంచి తీయడం మర్చిపోతే మీరే ఒక అడ్డంకి పెట్టినవాళ్లవుతారు.

ఇళ్లు ఐదారుకు తగ్గాక రంగు పరీక్ష. ఫ్లోరసీన్ రంగు చిటికెడు ఒక ఇంటి లెట్రిన్‌లో వేసి రెండుసార్లు ఫ్లష్ చేయించండి. ఒకరు వాన జాలీ దగ్గర, వాటర్ బోర్డు మనిషి డ్రైనేజీ చాంబర్ దగ్గర అరగంట చూడాలి. ఒక్కసారికి ఒక్క ఇల్లే. కార్పొరేషన్‌కూ బోర్డుకూ ముందే చెప్పండి, లేకపోతే నాలాలో పచ్చటి నీళ్లు చూసి ఫ్యాక్టరీ విషమని గోల మొదలవుతుంది. రంగు రెండు చోట్లా వస్తే తప్పు ఆ ఇంటిది కాకపోవచ్చు. పగిలిన డ్రైనేజీ పైపులోంచి పక్కనున్న వాన కాలువలోకి ఊరుతుండొచ్చు. ఇంటివాళ్లతో తగవు పెట్టుకునే ముందు ఆ లైను చూపించుకోండి. నిజంగా తప్పు కనెక్షనే అయితే బోర్డుకు దరఖాస్తు పెట్టి 160 పైపుతో డ్రైనేజీలో కలిపించి, పాత నోటిని సిమెంటుతో మూయించాలి. ఈ మూయడం వదిలేస్తే ఎలుకలు, మురుగు మళ్లీ అదే దారి పడతాయి.

పెద్ద ఎత్తున ఇదే సమస్యకు నగరం చేసిన వైద్యం హుస్సేన్‌సాగర్ దగ్గర చూడొచ్చు. కూకట్‌పల్లి నాలా ఇళ్ల మురుగుతోపాటు జీడిమెట్ల, బాలానగర్ వైపు పరిశ్రమల నీళ్లనూ సాగర్‌కు తెచ్చేది. వాన లేని రోజుల్లో పారే ఆ నీళ్లను చెరువు ముందే అడ్డగించి పెద్ద పైపుల్లో మళ్లిస్తున్నారు. రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యమున్న అంబర్‌పేట ప్లాంటు ఈ మళ్లింపుల చివరి మజిలీ. గట్టి వాన వచ్చినప్పుడు ఆ అడ్డుకట్ట పట్టలేదు. నాలా అడుగున నెలల తరబడి పేరుకున్న బురదతో సహా అంతా చెరువులో పడుతుంది. అడ్డుకట్ట జాలీ మూసుకుపోతే వాన లేకుండానే పడుతుంది. మళ్లింపు అవసరమే, కానీ వీధిలో కలిసిన మురుగును వీధిలోనే విడదీయనిదే చెరువు బాగుపడదు.

కట్టడాల దగ్గర కాపలా

వీధిలో ఇల్లు కడుతుంటే మూడు చూడండి: ఇసుక కుప్ప చుట్టూ ఇటుకల గట్టు ఉందా, రెడీమిక్స్ లారీ చ్యూట్ (కాంక్రీటు జారే తొట్టి) ఎక్కడ కడుగుతున్నారు, సెల్లారు గుంత నీళ్లు ఎటు తోడుతున్నారు. సిమెంటు కడిగిన నీళ్ల పీహెచ్ 12 దాకా ఉంటుంది, చేపలకు 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. పైగా అది కాలువలో గడ్డకట్టి పైపు సైజు తగ్గిస్తుంది, ఎండిన సిమెంటును ఏ జెట్టింగ్ యంత్రమూ తీయలేదు. సైటులోనే టార్పాలిన్ పరిచిన గొయ్యిలో కడిగించండి, గట్టిపడ్డాక మట్టిపెళ్లలతో కలిపి పంపొచ్చు. నిర్మాణ వ్యర్థాలకు జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ప్లాంట్లున్నాయి, నాలా గట్టు వాటి స్థలం కాదు.

నాలా పక్క కట్టడాలకు హద్దులు 2012 నాటి జీవో 168లో ఉన్నాయి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకన్నా వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ కొలతలు టేపుతో కొలిచి, ఫొటోలో టేపు కనబడేలా తీసి పెట్టండి. 'కబ్జా చేశారు' అని రాసిన కాగితం కన్నా 'గట్టు నుంచి గోడకు 1.1 మీటర్లు' అని రాసిన కాగితానికి జవాబు చెప్పక తప్పదు. చెరువులు, నాలాల ఆక్రమణలకు 2024లో ఏర్పడిన హైడ్రాకు, పూడికకు కార్పొరేషన్‌కు, మురుగుకు వాటర్ బోర్డుకు వేర్వేరుగా రాయాలి. ఒకే కాగితం ముగ్గురికీ పంపితే ముగ్గురూ మిగతా ఇద్దరికి పంపుతారు.

చెరువు నీళ్ల పరీక్ష

తొలకరి వానల తర్వాత చేపలు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ పడిపోయిందన్నమాట. రోడ్లు, నాలాల నుంచి కొట్టుకొచ్చిన కుళ్లును తినే సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడేస్తాయి. రాత్రి నాచు కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి తెల్లవారేసరికి మట్టం అడుగంటుతుంది. అందుకే ఆక్సిజన్‌ను సూర్యోదయానికి ముందోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి కొలవాలి. మధ్యాహ్నపు అంకె ఒక్కటే చూస్తే ఆకుపచ్చగా కంపుకొట్టే చెరువు కూడా ఆరోగ్యంగా కనిపిస్తుంది. చేపలు బతకడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్, ఫ్రీ అమ్మోనియా 1.2కు మించకూడదు. స్నానానికి పనికొచ్చే నీళ్లకు ఆక్సిజన్ 5 ఉండాలి, బీవోడీ (నీళ్లలోని కుళ్లును తినడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్) 3 దాటకూడదు.

నమూనా గట్టు అంచున ముంచి తీయకండి. పై తెట్టు, అడుగు బురద రాకుండా నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల కింద తీయాలి. బాటిల్‌ను అదే నీళ్లతో మూడుసార్లు తొలవండి. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం ల్యాబు ఇచ్చిన స్టెరైల్ బాటిల్ తొలవకుండానే నింపాలి. ఆక్సిజన్ నమూనాను గట్టు మీదే రసాయనాలు కలిపి స్థిరపరచాలి, ల్యాబుకు పట్టుకెళ్లేసరికి అంకె మారిపోతుంది. మిగతావి ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ఇచ్చేయండి. బాటిల్ మీద చోటు, గంట, అంతకు ముందు 72 గంటల్లో పడ్డ వాన రాయాలి. మీ ప్రాంతపు వాన లెక్క తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ ఆటోమేటిక్ స్టేషన్ల నుంచి తీసుకోవచ్చు.

ఒక చెరువుకు కనీసం రెండు చోట్ల తీయండి: నాలా వచ్చి కలిసే చోట, అలుగు దగ్గర. వాన లేని వారంలో ఒకసారి, గట్టి వాన పడ్డ మర్నాడు ఒకసారి. పొడి రోజున నాలా నోటి దగ్గర అమ్మోనియా, బీవోడీ ఎక్కువుంటే మురుగు రోజూ వస్తోందని అర్థం, ఆ నాలా వెంట పైకి నడిచి జాలీ జాలీ వెతకాలి. వాన మర్నాడు మాత్రమే ఎక్కువై మట్టి కూడా బాగా కనిపిస్తే రోడ్లు, కట్టడాల నుంచి వస్తోంది, అప్పుడు చాంబర్లూ ఇసుక కుప్పలూ చూడాలి. రెండు రోజులూ ఎక్కువుంటే మొదట పొడి రోజు మురుగు సంగతి తేల్చండి. అది ఆగాక కొత్తగా తీసిన నమూనాలోనే వాన తెచ్చే మురికి ఎంతో విడిగా తెలుస్తుంది.